వార్తల్లో పదం: కమాండర్

రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించగా 1993లో వెలువడిన 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' అనే మాయాలోకపు కార్డుల ఆటలో, సాధారణంగా నలుగురు ఎవరికి వారుగా పోటీపడే పద్ధతిని కమాండర్ అంటారు. దీని నియమావళి బాధ్యత 2024లో స్వతంత్ర సంఘం నుంచి తయారీ సంస్థ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ చేతికి మారడం, 2025లో డెక్‌లను, అంటే ఆటగాళ్లు ముందుగా కూర్చుకునే కార్డుల కట్టలను, ఐదు శ్రేణులుగా విభజించే ప్రయోగం మొదలుకావడం ఈ పదాన్ని చర్చలోకి తెచ్చాయి.

డెక్‌లో, దానికి సారథ్యం వహించే నాయక కార్డుతో (కమాండర్‌తో) కలిపి సరిగ్గా 100 కార్డులుండాలి. శక్తినిచ్చే ప్రాథమిక భూముల కార్డులు, తామే మినహాయింపునిచ్చే కొన్ని కార్డులు తప్ప ఏదీ రెండోసారి రాకూడదు. పైగా నాయకుడి రంగులకు వెలుపలి కార్డులు చెల్లవు కనుక, నాయకుడి ఎంపికతోనే వ్యూహంలో సగం తేలిపోతుంది.

ఇద్దరి ఆటలో 20గా ఉండే, సున్నాకు చేరితే ఆటగాడు ఓడిపోయే ప్రాణాంకం ఇక్కడ 40 కావడంతో, ముగ్గురు ప్రత్యర్థులను ఓడించడానికి మొత్తం 120 హరించవలసి వస్తుంది. అందుకే తొలి ఆవృత్తాల్లోనే దూకుడుగా దాడిచేసే డెక్ ఒకరిని పడగొట్టేసరికి చేతిలో కార్డులు నిండుకొని, మిగిలిన ఇద్దరికీ సులువైన లక్ష్యమవుతుంది. ఒక్కొక్క కార్డు ఖర్చుచేసి ఒక్కొక్క జీవిని తొలగించే పద్ధతి కూడా, ఆ ఖర్చు భరించని ఇద్దరికే ఎక్కువ లాభం చేకూరుస్తుంది. అందరి బలగాన్నీ ఒకేసారి తుడిచిపెట్టే కార్డులు, నిరంతరం కొత్త కార్డులు అందించే వనరులు ఇక్కడ విలువైనవి. అయితే బల్ల మీద అందరికన్నా బలవంతుడిగా కనిపించినవాడిపై మిగతా ముగ్గురూ ఏకమవుతారు కాబట్టి, బలాన్ని ఎప్పుడు బయటపెట్టాలన్నది కార్డుల నాణ్యత కన్నా కష్టమైన ప్రశ్న. నాయకుణ్ణి తొందరపడి దించినా నష్టమే: అతడు హతమైన తర్వాత మళ్లీ ప్రయోగించిన ప్రతిసారీ భూములిచ్చే శక్తిలో 2 చొప్పున అదనపు మూల్యం చెల్లించవలసి ఉంటుంది.