బరమాకు దారి చూపే చెక్క

2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్యపథ్‌పై సాగిన ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలది. దానికి తృతీయ బహుమతి లభించింది. అంకుడు కర్రను లేత్‌పై త్రిప్పి, లక్కరంగులు పట్టించి ఆ బొమ్మలను చేస్తారు.

కర్రకు గుండ్రదనం లేత్ ఇస్తుంది. కాని బొమ్మబండి చక్రంలో ఆకులు అమర్చాలంటే నడిమి దిమ్మకు సమదూరంలో రంధ్రాలు వేయాలి. గుండ్రని కర్రపై బరమా మొన జారుతుంది. చేయి రవ్వంత ఒరిగినా చక్రం వంకరపోతుంది. అంతవరకు పడిన శ్రమ వృథా.

దీనికి ఇంట చేసుకోదగిన ఉపాయం ఉన్నది. గట్టి చెక్కలో బరమా వదులు లేకుండా దూరేంత రంధ్రం చేసి, లేత్ పీఠానికి బిగించాలి. ఆ రంధ్రం ఇరుసు మధ్యబిందువు ఎత్తులోనే ఉంటే బరమా నేరుగా దిమ్మ కేంద్రంవైపు సాగుతుంది. ఇరుసుకు 24 గుంటల గుండ్రని పలక తగిలించి, గుంటలో మేకు దూర్చితే కర్ర కదలదు. నాలుగేసి గుంటలకు ఒకసారి ఆపితే 6 ఆకులు, మూడేసికైతే 8. పని మొదలిడేముందు లేత్‌కు విద్యుత్తు తీసివేయడం తప్పనిసరి.

పలకలో గుంట ఒక్కటి తప్పినా, ఆ గుంటను వాడి చేసే చక్రాలన్నీ ఆ తప్పును మోస్తాయి. అందుచేత తొలి కొలతకు తొందర పనికిరాదు.