పాపను జిమ్నాస్టిక్స్‌లో చేర్పిస్తారా? ముందు ఈ లెక్క తెలుసుకోండి

గుత్తిలోనో ఉరవకొండలోనో బడికెళ్లే పాప ఇంటి ముందర పల్టీలు కొడుతుంటే అమ్మీ మురిసిపోతుంది. అదే పీఈటీ సార్ వచ్చి "జిమ్నాస్టిక్స్‌లో చేర్పించండమ్మా" అంటే మాత్రం ఇంట్లో రెండు ప్రశ్నలు లేస్తాయి. బట్టల సంగతేంటి? పెద్ద పోటీలకు పంపేది ఎవరు? ఈ రెండింటికీ జవాబు వెతికితే దారి స్విట్జర్లాండ్‌లోని లోజాన్ దాకా పోతుంది.

అక్కడుంది ఎఫ్ఐజీ, అంటే అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య. 1881లో బెల్జియం, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ సంఘాలు కలిసి పెట్టుకున్న సంస్థ ఇది. ఆధునిక ఒలింపిక్స్ కంటే పాతది. నడిచే తీరు హెడ్డాఫీసు, బ్రాంచీల లెక్కే. దేశానికి ఒక్క సంఘానికే సభ్యత్వం, మనకు అది జిమ్నాస్టిక్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. దాని కింద రాష్ట్ర సంఘాలు, వాటి కింద జిల్లా సంఘాలు. అంతర్జాతీయ పోటీలో దిగాలంటే క్రీడాకారిణికి ఎఫ్ఐజీ లైసెన్స్ ఉండాలి. ఆ దరఖాస్తు దేశ సంఘం ద్వారానే వెళ్లాలి. అబ్బా దగ్గర ఎంత డబ్బున్నా నేరుగా పేరు రాయించడం కుదరదు.

అందుకే దేశ సంఘంలో గొడవొస్తే నష్టం పిల్లలకే. 2010లో ఆశిష్ కుమార్ కామన్వెల్త్ క్రీడల్లో, ఆసియా క్రీడల్లో పతకాలు తెచ్చి ఆశలు రేపారు. ఆ తర్వాత సంఘంలో వర్గాల తగాదా ముదిరి కేంద్ర ప్రభుత్వం గుర్తింపు తీసేసింది. అది తిరిగి వచ్చింది 2021లో. దాదాపు పదేళ్లు! ఒక జిమ్నాస్ట్ ఆడే వయసంతా అందులోనే గడిచిపోతుంది.

మన హైదరాబాద్ అమ్మాయి అరుణా రెడ్డి గెలిచింది ఆ పదేళ్ల నడుమే. చిన్నప్పుడు కరాటే నేర్చుకున్న ఆమె 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్‌లో కాంస్యం గెలిచారు. ప్రపంచకప్‌లో భారత్‌కు అదే తొలి వ్యక్తిగత పతకం. ఒక్క మాట: ప్రపంచకప్ అంటే క్రికెట్ లాగా నాలుగేళ్లకోసారి జరిగేది కాదు. ఏడాదిలో వేర్వేరు ఊళ్లలో జరిగే పోటీల వరుస. ప్రపంచ చాంపియన్‌షిప్ వేరు. రెండూ ఒకటే అనుకుని పొరబడేవాళ్లు చాలామంది.

మార్కులు వేసే నిబంధనల పుస్తకాన్ని కూడా ఎఫ్ఐజీ సాంకేతిక కమిటీలే రాస్తాయి, ఒలింపిక్స్ అయ్యాక మారుస్తాయి. పాత "పదికి పది" 2006లో పోయింది. ఇప్పుడు విన్యాసం ఎంత కష్టమైందో దానికో మార్కు, ఎంత శుభ్రంగా చేశారో దానికి పది నుంచి కోత పెట్టి ఇంకో మార్కు. కింద పడితే ఒక మార్కు పోయినట్టే. 2016 రియోలో దీపా కర్మాకర్‌కు కాంస్యం తప్పింది 0.150 తేడాతో.

ఇక బట్టలు. కాలు బయటపడే లియోటార్డే వేసుకోవాలన్న నియమం లేదు. మడమ దాకా కాళ్లు కప్పే యూనిటార్డ్‌కు నిబంధనల్లో అనుమతి ఉంది. 2021లో టోక్యోలో జర్మనీ అమ్మాయిలు అదే వేసుకుని దిగారు. మలేషియాకు చెందిన ఫరా ఆన్ 2015 సీ గేమ్స్‌లో స్వర్ణం గెలిస్తే, కొందరు పతకాన్ని వదిలేసి లియోటార్డ్ గురించే మాట్లాడారు. ఏది వేసుకోవాలన్నది పాప, ఇంటివాళ్లు తేల్చుకోవాల్సిన విషయం. నిబంధన మాత్రం అడ్డం కాదు.

వయసు విషయంలో తొందర అక్కర్లేదు. 1976లో నాదియా కొమనెచి పద్నాలుగేళ్లకే ఒలింపిక్స్ గెలిచింది గానీ ఇప్పుడు అది కుదరదు. సీనియర్ పోటీలకు అమ్మాయికి ఆ ఏడాదిలో 16 నిండాలి. కాబట్టి జనన ధ్రువీకరణ పత్రం మొదటి రోజు నుంచే సరిగా ఉండాలి. స్కూల్లో రాయించిన తేదీ ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి ఉంటే తర్వాత తిప్పలు.

భద్రత మాటా అడగాల్సిందే. అమెరికా జట్టు డాక్టర్ లారీ నాసర్ ఏళ్ల తరబడి ఆడపిల్లలపై చేసిన అఘాయిత్యాలు బయటపడి, 2018లో అతనికి దీర్ఘకాల జైలుశిక్ష పడింది. మరుసటి ఏడాది ఫిర్యాదులు చూసేందుకు ఎఫ్ఐజీ విడిగా ఒక ఎథిక్స్ ఫౌండేషన్‌ను పెట్టింది. అయినా లోజాన్ చాలా దూరం. చేర్పించే చోట జిల్లా సంఘం గుర్తింపు ఉందా, కోచ్ ఎక్కడ నేర్చుకున్నారు, సాధన జరుగుతున్నప్పుడు అమ్మీ పక్కన కూర్చోవచ్చా అని ఫీజు కట్టకముందే అడగాలి.