బావి ఈత - పందెం ఈత

(ద్వితీయ బి.ఎస్సీ. విద్యార్థి)

మన కళాశాలలో "నీకు ఈత వచ్చా?" అని అడిగి చూడండి. పల్లెల నుంచి వచ్చిన మిత్రుల్లో చాలామంది "ఓ! బావిలో దూకి నేర్చుకున్నాం" అంటారు. నేనూ ఆ కోవకు చెందినవాణ్ణే. మాది అనంతపురం జిల్లాలో వేరుశెనగ పండించే ఊరు. మా నాన్న తరంవాళ్ళు ఎండిన సొరకాయ బుర్ర వీపుకు కట్టుకుని ఈత నేర్చుకున్నారు. మేము ఖాళీ నూనె డబ్బా కట్టుకుని నేర్చుకున్నాం. అయితే ఈత రావడం వేరు, పందెంలో ఈదడం వేరు. నడక వచ్చిన ప్రతివాడూ పరుగుపందెంలో నిలబడగలడా? రెండేళ్ళుగా కళాశాల తరఫున రెండువందల మీటర్ల ఫ్రీస్టయిల్ ఈదుతున్న నాకు ఈ తేడా ఏమిటో కొంత తెలిసింది. పందెం ఈతగాడు ఏ విధంగా సాధన చేస్తాడు, ఏం తింటాడు, రోజంతా మనసు దేనిమీద పెట్టుకుంటాడు అన్న విషయాలను మిత్రులకు చెబుదామని ఈ ప్రయత్నం.

ముందుగా నీటి సంగతి. నీరు గాలికన్నా సుమారు 800 రెట్లు సాంద్రమైనది. దానిలో కదిలే వస్తువుకు ఎదురయ్యే నిరోధం, స్థూలంగా చెప్పాలంటే, వేగం యొక్క వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. ఆ నిరోధాన్ని గెలవడానికి క్షణక్షణం ఖర్చుచేయవలసిన సామర్థ్యమేమో వేగం యొక్క ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది. ఇంటర్మీడియట్ లెక్కే ఇది. వేగం పదిశాతం పెంచుకోవాలంటే 1.1ని మూడుసార్లు గుణించాలి. అంటే 33 శాతం అదనపు సామర్థ్యం కావాలన్నమాట! సేద్యం చేసిన భుజాలకు బలం ఉండేమాట నిజమే గానీ, ఉన్న బలానికి మూడోవంతు బలం కొత్తగా ఎక్కణ్ణుంచి తెస్తాం? అందుకే తెలివైన ఈతగాడు బలం పెంచుకోవడానికి ముందు అడ్డు తగ్గించుకుంటాడు.

బావిలో మనం తల పైకెత్తి ఈదుతాం. ఎవడు మీద దూకుతాడో చూసుకోవాలి గదా! తల ఎత్తగానే కాళ్ళు కిందికి దిగుతాయి. మడక నేలలోకి దిగినట్టు ఒళ్ళంతా ఏటవాలుగా నీటిలోకి దిగుతుంది. ఇక దున్నడమే తప్ప ఈదడం ఉండదు. పందెం ఈతలో ముఖం నీళ్ళలోనే ఉండాలి, చూపు కొలను అడుగున ఉన్న నల్లగీత మీద ఉండాలి, నడుము, మడమలు నీటిమట్టానికి దగ్గరగా తేలాలి. ఊపిరికి తల ఎత్తకూడదు. ఒక పక్కకు తిప్పాలి, అదీ నోరు నీటిపైకి వచ్చేంత మాత్రమే. వినడానికి ఇంతే. ఈ ఒక్క అలవాటు మారడానికి నాకు ఆరునెలలు పట్టింది.

1922లో జానీ వైస్‌ముల్లర్ అనే అమెరికన్ వందమీటర్లను మొదటిసారిగా నిమిషంలోపు, 58.6 సెకన్లలో ఈదాడు. తర్వాత సినిమాల్లో టార్జాన్ వేషం కట్టింది ఆయనే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనాకు చెందిన పాన్ ఝాన్‌లే అదే దూరాన్ని 46.40 సెకన్లలో ముగించాడు. నూరేళ్ళలో పన్నెండు సెకన్లు తగ్గాయి. ఆ నూరేళ్ళలో మనిషి కండలు రెట్టింపేమీ కాలేదు. దూకే పద్ధతి, గోడ దగ్గర తిరిగే పద్ధతి, సాధన పద్ధతి, కొలనుల నిర్మాణం అన్నీ మారాయి. మన దేశం సంగతికొస్తే, 1986 సియోల్ ఆసియా క్రీడల్లో ఖజాన్ సింగ్ రజతం తెచ్చాక, ఈతలో మళ్ళీ ఆసియా పతకం చూడ్డానికి 2010లో వీర్‌ధవల్ ఖాడే కాంస్యం గెలిచేదాకా ఆగవలసివచ్చింది. ఇన్ని నదులు, చెరువులు, బావులు ఉన్న దేశమండీ ఇది!

ఇక సాధన. నేను వెళ్ళే కొలను పొడవు 25 మీటర్లు. ఉదయం అయిదున్నరకు దిగితే ఏడున్నరకు బయటికి వస్తాం. ఈ రెండు గంటల్లో సుమారు 4,000 మీటర్లు, అంటే 160 పొడవులు. పొడవుకు పద్దెనిమిది బారలు చొప్పున లెక్కవేస్తే దాదాపు మూడువేల బారలు. దిగిన వెంటనే ఎవరూ వేగంగా ఈదరు. మొదటి ఆరువందల మీటర్లు ఒళ్ళు వేడెక్కడానికి మెల్లగా ఈదాలి. తర్వాత ఒంటిచేత్తో ఈదడం, పలక పట్టుకుని కాళ్ళు మాత్రమే ఆడించడం వంటి విడి అభ్యాసాలు. ఆ తర్వాత అసలు పని. ఉదాహరణకు వందమీటర్లు పదిసార్లు ఈదాలి. ఒక్కో వందా ఒక నిమిషం ఇరవై అయిదు సెకన్లలో ముగించి, ఇరవై సెకన్లు గోడ పట్టుకుని, మళ్ళీ బయలుదేరాలి. మొదటి నాలుగూ హాయిగా సాగిపోతాయి. ఏడోదాని దగ్గర మనిషి గుణం బయటపడుతుంది.

ఆ విరామం ఇరవై సెకన్లే ఎందుకు? కొందరు మిత్రులు "కాసేపు కూర్చుని ఈదకూడదా?" అంటారు. రెండు నిమిషాల పైన సాగే పందెంలో సగానికి పైగా శక్తి ప్రాణవాయువు వాడకం ద్వారానే పుడుతుంది. ఊపిరితిత్తులు, గుండె, కండరాలు ఆ వాయువును అందించడంలో, వాడుకోవడంలో ఆరితేరాలంటే పూర్తిగా సేదదీరకముందే మళ్ళీ పని పెట్టాలి. పూర్తి వేగంతో ఈదే ఇరవై అయిదు మీటర్ల పరుగులకు మాత్రం నిమిషం, రెండు నిమిషాలు ఆగుతాం. అక్కడ కావలసింది వేరే రకం శక్తి. అలసిపోయి ఈదితే వేగం అలవడదు, నెమ్మదితనమే అలవడుతుంది.

గట్టుమీద పని కూడా ఉంది. ఈతగాడికి మొదట చెడేది భుజమే. రోజూ అన్ని బారలు ఒకేవైపు తిరిగే కీలు అది. పాత సైకిలు ట్యూబును చీల్చి కిటికీ ఊచకు కట్టి, మోచేయి పక్కటెముకలకు ఆనించి బయటివైపుకు లాగుతుంటే భుజం వెనక ఉండే చిన్న కండరాలు గట్టిపడతాయి. దీనికి పది రూపాయలు కూడా ఖర్చు కాదు. ఎందుకో గానీ మనవాళ్ళు అద్దంలో కనిపించే ముందరి కండలనే పెంచుకుంటారు.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి, ముఖ్యంగా సెలవులకు ఊళ్ళకు వెళ్ళే మిత్రులకు. బావుల్లో, కాలువల్లో "ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారు" అని పందేలు కాస్తుంటారు. మునిగేముందు గబగబా ఇరవై ముప్ఫై సార్లు ఊపిరి పీల్చి వదిలితే ఎక్కువసేపు ఉండవచ్చని పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పుతారు. అది ప్రాణాంతకం. ఊపిరి పీల్చాలన్న తహతహ మనకు ప్రధానంగా రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరగడంవల్ల పుడుతుంది. ప్రాణవాయువు తగ్గినందువల్ల అంతగా కాదు. గబగబా ఊపిరి తీస్తే బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది, ప్రాణవాయువు మాత్రం చెప్పుకోదగినంత అదనంగా చేరదు. దాంతో పైకి రమ్మని హెచ్చరించే గంట ఆలస్యంగా మోగుతుంది. అది మోగేలోపలే మెదడుకు ప్రాణవాయువు చాలక స్పృహ తప్పవచ్చు. గిలగిలా కొట్టుకోవడం, కేక పెట్టడం ఏమీ ఉండవు. గట్టుమీదున్నవాళ్ళు "భలే ఉన్నాడ్రా" అని లెక్కపెడుతూనే ఉంటారు. మంచి ఈతగాళ్ళు కూడా ఇలా పోతారు. కాబట్టి తమ్ముళ్ళకు తప్పక చెప్పండి.

ఇప్పుడు తిండి. మైకేల్ ఫెల్ప్స్ రోజుకు 12,000 కేలరీలు తింటాడని 2008 బీజింగ్ ఒలింపిక్స్ నాడు పత్రికలన్నీ రాశాయి. అది అతిశయోక్తి అని తర్వాత ఆయనే చెప్పాడు. అయినా హాస్టల్లో నేను రెండోసారి అన్నం పెట్టించుకున్నప్పుడల్లా ఆ పేరే ఎత్తుతారు. నా బరువు 60 కిలోలు. రోజుకు రెండు గంటలు గట్టిగా సాధన చేసే క్రీడాకారుడికి కిలో బరువుకు ఆరు నుంచి పది గ్రాముల పిండిపదార్థాలు, ఒకటిన్నర గ్రాముల పైచిలుకు మాంసకృత్తులు అవసరమని పోషకాహార శాస్త్రం చెబుతోంది. అంటే నాకు రోజుకు కనీసం 360 గ్రాముల పిండిపదార్థం, సుమారు 95 గ్రాముల మాంసకృత్తులు కావాలి.

ఈ రెండో అంకె దగ్గరే డబ్బాల వ్యాపారం మొదలవుతుంది. కొలను బయట ఒకాయన నాకు మూడువేల రూపాయల పొడి డబ్బా చూపించి, "ఇది లేనిదే కండ రాదు తమ్ముడూ, నెలకొకటి చాలు" అన్నాడు. నెలకు మూడువేలు! మా ఇంట్లో ఆ డబ్బుతో విత్తనం కొంటారు. ఆ రాత్రి కాగితం తీసుకుని కూర్చున్నాను. బియ్యం, రాగి, గోధుమ కలిపి రోజుకు 400 గ్రాములు: 30 గ్రాముల మాంసకృత్తులు. పప్పు 75 గ్రాములు: 17. వేరుశెనగ 75 గ్రాములు: 19. కోడిగుడ్లు మూడు: 18. పాలు, పెరుగు కలిపి అర లీటరు: 16. కూడితే సరిగ్గా వంద! ఇందులో గుడ్లు, పాలకే కొంత డబ్బు పెట్టాలి. మిగతాది మెస్సులో దొరికేది, మా అమ్మ సంచిలో పంపేది. పొడిలో విషమేమీ లేదు, అదీ పాల నుంచి తీసిందే. తినడానికి తిండి చాలనివాళ్ళకు, తీరిక లేనివాళ్ళకు అక్కరకు వస్తుందేమో. మాకు మాత్రం సంగటి, ఊరుబిండి చాలు.

ఎంత తిన్నామన్నది ఎంత ముఖ్యమో ఎప్పుడు తిన్నామన్నదీ అంతే ముఖ్యం. నీళ్ళలో దిగే అరగంట ముందు ఒక అరటిపండు, చిన్న బెల్లంముక్క. బయటికి వచ్చాక గంటలోపు పిండిపదార్థం, మాంసకృత్తులు రెండూ పడాలి. కండరాల్లో ఖర్చయిన గ్లైకోజన్ అప్పుడు త్వరగా నిండుతుంది. ఇబ్బందల్లా ఏమిటంటే మా మెస్సు తలుపు ఎనిమిదింటికి గానీ తెరవరు, క్లాసు తొమ్మిదింటికి. అందుకని ఉడికించిన గుడ్లు, వేయించిన శెనక్కాయలు డబ్బాలో పెట్టుకుని సైకిలు మీదే తింటూ వస్తాను. నీళ్ళలో ఉంటే చెమట పట్టదనుకోవడం పొరపాటు. పడుతుంది, కనిపించదంతే. గట్టుమీద ఉప్పువేసిన మజ్జిగ సీసా ఉంచుకోవాలి. ఈత నేర్చుకునే అక్కచెల్లెళ్ళు ఇనుము విషయంలో మరికాస్త శ్రద్ధ చూపాలి. ఆకుకూరలు తిని పైన నిమ్మకాయ పిండుకుంటే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

నిద్ర గురించి రాస్తే మా గదిలోవాళ్ళు నవ్వుతారు. నాలుగున్నరకు లేవాలంటే రాత్రి తొమ్మిదిన్నరకల్లా పడుకోవాలి. హాస్టల్లో తొమ్మిదిన్నర అంటే సాయంత్రం కింద లెక్క! చెవుల్లో దూది, ముఖం మీద తువ్వాలు, సెల్‌ఫోను స్నేహితుడి బీరువాలో. అయినా ఒక గంట లోటు పడుతుంది. మధ్యాహ్నం మొదటి పీరియడ్‌లో నా కళ్ళు మూతపడితే పూజ్య అధ్యాపకులు అది అగౌరవంగా భావించవద్దని ఈ సందర్భంగా మనవి.

మనసు నిలపడం అంటే కళ్ళు మూసుకుని గెలిచినట్టు ఊహించుకోవడమని కొందరు అనుకుంటారు. నా అనుభవంలో అది లెక్కపెట్టడం. రోజుకు ఒక్క విషయమే పెట్టుకుంటాను. సోమవారం పొడవుకు ఎన్ని బారలు, మంగళవారం గోడను తన్నాక ఎంతదూరం జారాను, ఇలా. సాధన అయ్యాక నలభై పేజీల నోటుపుస్తకంలో ఆ అంకె రాస్తాను. పొడవుకు ఇరవై రెండు బారలు పట్టేవాణ్ణి పద్దెనిమిదికి దిగానని తెలిసింది దానివల్లే. మనసు పరీక్షల మీదికో, వానల మీదికో పోయిన రోజున లెక్క తప్పుతుంది, పుస్తకంలో గీత మాత్రమే మిగులుతుంది. ఈసారి జూన్, జులైలలో చాలా గీతలున్నాయి. విత్తనం వేసి వాన కోసం చూస్తున్న రోజులవి.

పందేనికి రెండు మూడు వారాల ముందు దూరం సగం వరకు తగ్గిస్తాం, వేగం మాత్రం తగ్గించం. కొత్తవాళ్ళకు ఇది సోమరితనంలా కనిపిస్తుంది. నెలల తరబడి పోగుపడిన అలసట ఆ రోజుల్లోనే తీరుతుంది. రెండు మూడు శాతం వేగం అక్కణ్ణుంచే వస్తుంది. ఆ కొద్దిరోజులు అన్నం కూడా కొంచెం తగ్గుతుంది గానీ ఆకలి తగ్గదు.

మొదటి ఏడు నా సమయం రెండు నిమిషాల యాభై ఎనిమిది సెకన్లు. ఇప్పుడు రెండు నిమిషాల ఇరవై ఒకటి. అంతర విశ్వవిద్యాలయ పోటీల జట్టులో చోటుకు రెండు నిమిషాల పదిహేను కావాలని మా శిక్షకులు చెప్పారు. వచ్చే ఏడే నాకు చివరి అవకాశం. డిగ్రీ అయ్యాక సేద్యంలోకి రమ్మంటున్నాడు నాన్న. 25 మీటర్ల కొలనులో రెండువందల మీటర్లకు ఏడు మలుపులు. మలుపుకు అర సెకను చొప్పున మిగిల్చుకోగలిగితే మూడున్నర సెకన్లు. మిగతా రెండున్నర ఎక్కణ్ణుంచి తేవాలో ఈ వేసవిలో చూడాలి. ఊళ్ళో మా బావి ఎండిపోయి నాలుగేళ్ళయింది కాబట్టి సెలవులకు కూడా ఇక్కడే ఉండిపోతున్నాను.