రక్తం తిరిగొచ్చాక కాలేయానికి దెబ్బ

పాములపాడు నుంచి ఆత్మకూరు వెళ్లే దారిలో ఓ ప్రమాదం జరిగి, మనిషికి రక్తం బాగా పోయిందనుకోండి. 108లో కర్నూలు పెద్దాసుపత్రికి చేరుస్తారు. రక్తం ఎక్కిస్తారు, బీపీ నిలబడుతుంది, ఇంటివాళ్లు కుదుటపడతారు. ఒకటి రెండు రోజులకు కొందరిలో కాలేయ ఎంజైములు ఒక్కసారిగా వేలల్లోకి ఎగబాకుతాయి. తాగుడు లేదు, కామెర్లు లేవు. మరి కాలేయానికి ఏమైంది?

డాక్టర్లు దీన్ని షాక్ లివర్ అంటారు.

గుండె పంపే రక్తంలో సుమారు పావు వంతు కాలేయానికే చేరుతుంది. అది తగ్గితే ఆక్సిజన్ అందక కణాల్లో ఏటీపీ అడుగంటుతుంది. కణానికి శక్తినిచ్చే ఈ అణువును 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఈ పని చేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడు దీన్ని గుర్తించారు. ఏటీపీ లేకపోతే సోడియాన్ని బయటికి తోడే పంపులు ఆగి, కణం ఉబ్బుతుంది.

అసలు నష్టంలో పెద్ద వాటా రక్తం తిరిగొచ్చాకే జరుగుతుంది. పోయిన కరెంటు హైవోల్టేజీతో వచ్చి బోరు మోటారును కాల్చేసినట్టు, ఆక్సిజన్ ఒక్కసారిగా అందగానే మైటోకాండ్రియాల్లో విషపూరితమైన ఫ్రీ రాడికల్స్ పుడతాయి. దెబ్బతిన్న కణాల నుంచి హెచ్‌ఎంజీబీ1 అనే ప్రొటీన్ బయటికి కారుతుంది. కాలేయానికి కాపలా కాసే కుఫర్ కణాల మీది టీఎల్ఆర్4 గ్రాహకం దాన్ని పసిగడుతుంది. వెంటనే ఎన్ఎఫ్-కప్పాబీ అనే ప్రొటీన్ కణకేంద్రకంలోకి వెళ్లి వాపు పుట్టించే జన్యువులను మేల్కొలుపుతుంది. మరోవైపు జేఎన్‌కే అనే ఎంజైము అదేపనిగా పనిచేస్తూ పోతే కాలేయ కణాలే చచ్చిపోతాయి. సూక్ష్మజీవులతో పోరాడాల్సిన తెల్ల రక్తకణాలు ఇక్కడికి గుమికూడి సొంత అవయవాన్నే గాయపరుస్తాయి. అదృష్టం కొద్దీ ఎన్ఆర్ఎఫ్2, ఏకేటీ లాంటి ప్రొటీన్లు కణాన్ని కాపాడే వైపు నిలుస్తాయి.

కాలేయ మార్పిడిలోనూ ఇదే చిక్కు. జీవన్‌దాన్ అవయవదాన పథకం ద్వారా దాత నుంచి వచ్చే కాలేయాన్ని ఐసులో పెట్టి, రోడ్లు ఖాళీ చేయించి మరీ తెచ్చేది అందుకే. రక్తం అందని ప్రతి గంటా లెక్కలోకి వస్తుంది. కాలేయాన్ని గాయపరిచే పై ప్రొటీన్లను అదుపు చేసే మందులు మాత్రం ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయి.

అసలు కారణాన్ని త్వరగా సరిచేస్తే ఎంజైములు చాలామందిలో వారం పది రోజుల్లో దిగివస్తాయి. ఆ రోజుల్లో డాక్టరు చెప్పని నొప్పి మాత్రలు, పసరు మందులు వేయకండి. ప్రమాదం కళ్లెదుటే జరిగితే గాయం మీద శుభ్రమైన గుడ్డ గట్టిగా అదిమిపట్టండి, 108కి ఫోన్ చేయండి, బండి వచ్చేదాకా చెయ్యి తీయకండి.