గాలం వేసే ముందు... గట్టు మీదే చూసుకోండి

వేసవి సెలవులొస్తే నూజివీడు ఇళ్లకు చుట్టాల తాకిడి మొదలవుతుంది. పొద్దున్నే చిన్నరసాల బుట్ట ముందేసుకు కూర్చోవడం, సాయంత్రం పిల్లలు చిక్కం పట్టుకుని తోటలో తిరగడం. నాలుగు రోజులకు అదీ పాతబడుతుంది. అప్పుడు ఏ బావగారో, బాబాయో కదిలిస్తారు: ‘బందరు పోదాం. తెలిసిన బోటుంది. కాస్త లోపలికెళ్లి గాలం వేద్దాం.’

సరదా మంచిదే. ఐదారుగురు కలిసి, ఒడ్డు కనిపించేంత దూరంలోనే, దారి తెలిసిన సరంగుతో రెండు మూడు గంటలు వెళ్లి రావడం. పిల్లల చేతిలో ఫోను ఉండదు, గాలం తాడు ఉంటుంది. నూజివీడు నుంచి హనుమాన్‌ జంక్షన్‌, గుడివాడ మీదుగా మచిలీపట్నం 80 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికి చేరొచ్చు. అయితే మామిడి తోటలో పెరిగిన మనకు చెట్టు ఎక్కడం తెలిసినంతగా బోటు ఎక్కడం తెలియదు. సముద్రంలో వచ్చే ఇబ్బందుల్లో చాలావాటిని బోటు కదలకముందే ఆపొచ్చు. కదిలాక చేతిలో ఉండేది కొంతే.

మామిడి సెలవుల్లో కుదరదు

ముందుగా తేదీలు. మన తీరంలో ఏటా ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 వరకు, 61 రోజులు, మరబోట్లు, మోటారు బోట్లతో సముద్రంలో వేట నిషేధం. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలమని ఈ ఏర్పాటు. తెడ్డుతో, తెరచాపతో నడిచే సంప్రదాయ నావలకు మినహాయింపు. మన బడులకు వేసవి సెలవులు ఏప్రిల్‌ ఆఖర్లో ఇచ్చి, సాధారణంగా జూన్‌ 12న తెరుస్తారు. అంటే రసాలు తినే సెలవులన్నీ ఈ నిషేధంలోనే పోతాయి. ‘ఏం కాదండీ, దగ్గరికే గదా’ అని ఆ రోజుల్లో ఎవరైనా మోటారు బోటు తీస్తానంటే ఒప్పుకోకండి. వేట నిబంధనే పట్టనివాడు లైఫ్‌ జాకెట్ల దగ్గర పద్ధతిగా ఉంటాడని ఎలా నమ్ముతాం? ఆ పైన మే నెల ఎండ ఉండనే ఉంది.

జూన్‌ తర్వాత నైరుతి గాలులతో అలలు ఎక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా తుపాన్ల భయం. మిచాంగ్‌ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. కొత్తవాళ్లకు అనువైనది సంక్రాంతి సెలవుల నుంచి ఫిబ్రవరి దాకా. తోటలో పూత మీద మందు కొట్టే రోజులవి, రైతు ఇళ్లలో తీరిక తక్కువే. కానీ సముద్రం మన పంటను చూసి నెమ్మదించదు కదా.

రోజు ఖాయం చేసుకున్నా, ముందురోజు వాతావరణ శాఖ హెచ్చరికలు, హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌ కేంద్రం ఇచ్చే అలల సూచనలు చూడండి. ‘మత్స్యకారులు వేటకు వెళ్లరాదు’ అన్న మాట అందులో ఉంటే, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి సముద్రంలో బతికేవాళ్లనే వద్దంటున్నారని అర్థం. గిలకలదిండి హార్బరు నుంచి బోట్లు కాలువగుండా వెళ్లి మొగ దాటి సముద్రంలో కలుస్తాయి. మొగ దగ్గర ఇసుక మేట, ఎదురు అలలు ఉంటాయి. పోటు, పాటు వేళలు చూసుకుని ఎప్పుడు బయల్దేరాలో, ఎప్పటికి తిరిగి రావాలో చెప్పాల్సింది సరంగు. మన టిఫిను వేళను బట్టి ఆయన్ను తొందరపెట్టకూడదు.

బోటు అడిగితే ఏం అడగాలి?

అమెరికాలో హ్యూస్టన్‌ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు గాల్వెస్టన్‌ తీరంలో ఇలాంటి యాత్రలకు వెళుతుంటారు. అక్కడ తీర రక్షక దళం ఇచ్చే లైసెన్సు ఉన్న కెప్టెన్‌ చిన్న బోటులో డబ్బు తీసుకుని ఎక్కించుకునేది ఎక్కువలో ఎక్కువ ఆరుగురిని. మన దగ్గర చాలాచోట్ల ఇది మాట మీద నడిచే ఏర్పాటు. చేపల బోటుకు ఉండే లైసెన్సు వేట కోసం. సరదాగా జనాన్ని తిప్పడానికి అనుమతి ఉందా అని నేరుగా అడగండి. లేదంటే ఆ బోటు వద్దు. ఒడ్డున నిలబడి గాలం వేసినా చేప పడుతుంది, పిల్లలకు అదే సంబరం.

2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో బోటు బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. కార్తిక మాసం, ఆదివారం. సరదాగా ఎక్కినవాళ్లే. ఆ బోటుకు అనుమతి లేదు, లైఫ్‌ జాకెట్లూ లేవు. అది నది, ఒడ్డు కళ్లెదుటే ఉంది. మన ఊరికి అంత దగ్గర్లో జరిగినా, ‘దగ్గరే కదా, జాకెట్‌ ఎందుకు, ఉక్కపోత’ అనే మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.

జాకెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. తలకొకటి ఉండాలి, సీటు కింద కాదు, ఒంటి మీద. పెద్దల జాకెట్‌ పిల్లలకు తొడిగితే నీళ్లలో పడగానే అది పైకి జారిపోతుంది, బిడ్డ కిందికి జారిపోతుంది. పరీక్ష తేలిక. బకిళ్లన్నీ పెట్టాక, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. చెవుల దాకా వచ్చేస్తే అది ఆ బిడ్డది కాదు. పిల్లల జాకెట్లకు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉంటే మంచిది. మీ పిల్లల కొలతవి దొరకకపోతే కొనుక్కుని తీసుకెళ్లండి. అయిదు గజాల చీర నీళ్లలో కాళ్లకు చుట్టుకుంటుంది, అమ్మలు ఆ ఒక్క పూటకు చుడీదారుతో సరిపెట్టుకోవాలి. ఇక మందు సీసా. బోటులో వద్దు, ముందురోజు రాత్రి కూడా వద్దు. ఇది బావమరుదుల దగ్గర చెప్పడం కష్టమే, అయినా ఇంట్లోనే తేల్చేసుకోండి.

ఫోనులో రెండు నంబర్లు పెట్టుకోండి: సముద్రంలో ఆపద వస్తే తీర రక్షక దళానికి 1554, మెరైన్‌ పోలీసులకు 1093.

కడుపులో తిప్పితే

అలల మీద వికారం బలహీనత కాదు. శరీరం ఊగుతోందని లోపలి చెవి చెబుతుంది. బోటులోని బల్లను చూస్తున్న కళ్లు మాత్రం ‘కదలడం లేదే’ అంటాయి. మెదడు ఈ రెంటి మధ్య తికమకపడి వాంతికి దారితీస్తుంది. అందుకే ఫోను చూడటం, తల దించుకుని ఎర గుచ్చుతూ ఉండటం ఎక్కువ ఇబ్బంది పెడతాయి. బోటు మధ్యలో కూర్చుని, ఆకాశం, నీరు కలిసే గీతను చూస్తూ ఉండండి. డీజిలు పొగకు ఎదురుగా కూర్చోవద్దు. ఖాళీ కడుపు మంచిది కాదు, ఆవకాయన్నమూ మంచిది కాదు. రెండు ఇడ్లీలు చాలు.

ప్రొమెథజిన్‌, సిన్నరిజిన్‌ వంటి మాత్రలు పనిచేస్తాయి, కానీ వికారం మొదలయ్యాక కాదు. బయల్దేరడానికి కనీసం అరగంట, గంట ముందు వేసుకోవాలి. ఇవి నిద్రమత్తు తెస్తాయి. ప్రోస్టేట్‌ గ్రంథి ఉబ్బు, నీటికాసులు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. రెండేళ్లలోపు పిల్లలకు ప్రొమెథజిన్‌ ఇవ్వకూడదు. అసలు ఆ వయసు పిల్లలను బోటెక్కించకండి. మరో సంగతి చాలామంది మరచిపోతారు. తెల్లవారుజామున మూడింటికి లేచి కారు నడిపినవారే, ఈ మాత్ర వేసుకుని, ఎండలో మూడు గంటలు ఊగి, మళ్లీ 80 కిలోమీటర్లు నడపడం సముద్రం కన్నా ప్రమాదం. ముందురోజే బందరు చేరి పడుకోండి. లేదా తిరుగు ప్రయాణానికి మాత్ర వేసుకోని డ్రైవరును పెట్టుకోండి.

మధుమేహం ఉన్నవారికి అసలు చిక్కు ఇక్కడే. ఇన్సులిన్‌గానీ, గ్లిమెపిరైడ్‌ లాంటి మాత్రగానీ పొద్దున్నే వేసుకుంటారు, టిఫిను తింటారు, మొగ దాటగానే అదంతా వాంతి అయిపోతుంది. మందు లోపలే ఉంది, తిండి లేదు. చక్కెర పడిపోతుంది. చెమట, వణుకు, తికమక కనిపిస్తే ‘సముద్రం పడలేదు’ అని పడుకోబెట్టేస్తారు. చక్కెర పడిపోతోందేమో అని ముందు అనుమానించాలి. గ్లూకోజు పొడి, చక్కెర పొట్లం జేబులోనే ఉండాలి. ఆ రోజు మోతాదు ఎలా మార్చాలో డాక్టరుతో ముందే మాట్లాడుకోండి. బీపీకి నీరు పోయించే మాత్రలు వాడేవారూ అడగాలి, ఎండకు, వాంతులకు వాళ్లు త్వరగా నీరసపడతారు. తాగడానికి లీటరు నీళ్లలో ఒక ఓఆర్‌ఎస్‌ పొట్లం కలిపి సీసాల్లో పెట్టుకోండి. నిండు చేతుల నూలు చొక్కా, టోపీ ఎలాగూ ఉండాలి, నీటి మీద పడిన ఎండ కింది నుంచి కూడా కొడుతుంది.

మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు, ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంటు వేయించుకున్నవాళ్లు గట్టున ఉండటమే మేలు. అక్కడ ఒడ్డున ఎవరో ఒకరు ఉండటం కూడా అవసరమే, బోటు ఎన్నింటికి వస్తానందో తెలిసినవాళ్లు.

జెల్ల ముల్లు, టేకు తోక

గాలానికి ఏం పడుతుందో మన చేతిలో లేదు. పండుగప్ప పడొచ్చు, జెల్ల పడొచ్చు. జెల్లకు వీపు మీద ఒకటి, మొప్పల పక్కన రెండు గట్టి ముళ్లుంటాయి, వాటికి విషం ఉంటుంది. టేకు చేపకు తోకలో ముల్లు. మామిడి సొన చేతికి అంటితే తుడిచేసుకునే అలవాటుతో దీన్నీ తుడిచేసుకోవద్దు. చేపను గాలం నుంచి తీసే పని సరంగుకే వదిలేయండి.

గుచ్చుకుంటే మంట భరించలేనట్టు ఉంటుంది. ఈ చేపల విషం వేడికి చెడిపోతుంది. కాబట్టి పసుపు, సున్నం కాదు, వేడినీళ్లు కావాలి. టీ ఫ్లాస్కుతో పాటు మరో ఫ్లాస్కులో మరిగిన నీళ్లు తీసుకెళ్లండి. గిన్నెలో చన్నీళ్లు కలిపి, 45 డిగ్రీలకు మించకుండా, దెబ్బ తగలని వాళ్లు తమ చెయ్యి పెట్టి చూసి చెప్పాలి. నొప్పిలో ఉన్నవారికి వేడి తెలియక కాలిపోవచ్చు. అరగంట నుంచి గంటన్నర దాకా అందులో ఉంచితే నొప్పి దిగుతుంది. తర్వాత ఆసుపత్రికి వెళ్లాలి, ముల్లు ముక్క లోపల విరిగి ఉండొచ్చు. టేకు ముల్లు ఛాతీలోగానీ, పొట్టలోగానీ దిగితే పీకకండి. కదలకుండా ఉంచి తీసుకెళ్లండి.

గాలం వేలిలో దిగినప్పుడూ అంతే. దానికి వెనక్కి తిరిగిన కొక్కెం ఉంటుంది, లాగితే కండ చీలుతుంది. తాడు కత్తిరించి, అలాగే డాక్టరు దగ్గరకు వెళ్లండి. కంట్లో తగిలితే ముట్టుకోకుండా పైన కాగితం కప్పు బోర్లించి కట్టండి. గాలం విసిరేటప్పుడు వెనక ఎవరున్నారో చూసుకుంటే ఈ అవసరమే రాదు. పాములా కనిపించేదేదైనా పైకి వస్తే తాడు తెంపేయండి. సముద్రపు పాము కాటు నొప్పి పెట్టకపోవచ్చు, విషం మాత్రం తీవ్రం. మన ఆసుపత్రుల్లో ఉండే పాముకాటు మందు నాలుగు రకాల నేల పాముల కోసం చేసింది.

ఉప్పునీటిలో తగిలిన దెబ్బ చిన్నదైనా మంచినీళ్లతో, సబ్బుతో కడగాలి. టెటనస్‌ ఇంజెక్షను ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు చేసుకోండి. మధుమేహం, కాలేయ జబ్బు ఉన్నవారికి ఒకటి రెండు రోజుల్లో గాయం చుట్టూ ఎరుపు పాకుతూ, బొబ్బలు లేస్తూ, జ్వరం వస్తే ఆలస్యం చేయొద్దు. విబ్రియో అనే సముద్రపు బ్యాక్టీరియా అరుదే, కానీ గంటల్లో ముదురుతుంది. ‘సముద్రంలో తగిలిన దెబ్బండీ’ అని డాక్టరుకు చెప్పడం మరవకండి.

ఎవరైనా నీళ్లలో మునిగి, బయటికి తీశాక శ్వాస లేకపోతే, పొట్ట నొక్కి నీళ్లు కక్కించాలని చూడకండి, తలకిందులుగా తిప్పకండి. ముక్కు మూసి నోటిలోకి రెండుసార్లు గాలి ఊదండి. తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కి, మళ్లీ రెండు శ్వాసలు. 108 వచ్చేదాకా ఆపకూడదు. తేరుకుని కూర్చున్నా, దగ్గు, ఆయాసం ఉంటే ఆసుపత్రిలో చూపించాల్సిందే.

డిక్కీలో చేపలు

పట్టుకున్న సంబరంలో చేపలను సంచిలో వేసి డిక్కీలో పడేస్తారు. దారిలో గుడివాడలో టిఫిను, హనుమాన్‌ జంక్షన్‌లో టీ. నూజివీడు చేరేసరికి మధ్యాహ్నం. కానాగంతలు, తూర వంటి చేపల్లో వేడికి హిస్టమిన్‌ తయారవుతుంది. ఒకసారి తయారయ్యాక ఎంత ఉడికించినా, ఎంత కారం వేసినా పోదు. వాసన కూడా తేడా ఉండకపోవచ్చు. తిన్న కొద్ది నిమిషాలకో, గంటకో ముఖం ఎర్రబడి, తలనొప్పి, దురద, నోట్లో చురచుర. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే అది ‘చేప పడకపోవడం’ కాదు, చేప పాడవడం. అలర్జీకి ఇచ్చే మాత్రలతోనే సాధారణంగా తగ్గుతుంది. శ్వాస ఆడకపోతే మాత్రం వెంటనే ఆసుపత్రికి.

చేపతో సమానంగా మంచు పట్టే థర్మాకోల్‌ పెట్టె బయల్దేరేటప్పుడే కారులో ఉండాలి. బోటులో పైకి లాగిన చేపను లాగినట్టే మంచులో వేయాలి. బంతిలా ఉబ్బే చేప పడితే దాన్ని తిరిగి నీళ్లలోకి వదిలేయండి, దాని విషమూ పొయ్యి మీద పోదు. ఇంటికొచ్చి పెట్టె తెరిచినప్పుడు మంచంతా కరిగి, నీళ్లు గోరువెచ్చగా ఉంటే, ఆ కానాగంతలు ఎంత కష్టపడి పట్టినవైనా కూరకు పనికిరావు. తోటలో మామిడి పాదు తవ్వి పూడ్చేయండి.