మీకు తెలుసా? నీడలో ఆపినా కారు సీటు 41 డిగ్రీలు!

వేసవి ఎండలో గంటసేపు ఆపి ఉంచిన కారులో సీటు వేడి సగటున 51 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది, డ్యాష్‌బోర్డుదైతే 69కి. అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో వెల్లడించిన లెక్క ఇది. నీడలో ఆపిన కార్ల సీట్లు కూడా సగటున 41కి చేరాయి. ఆ పరీక్ష జరిపిన రోజుల్లో బయట ఎండ 38 డిగ్రీలు దాటింది, అంతే. మన మే నెలకు అదో లెక్కా!

పసివాళ్ల ఒళ్లు పెద్దవాళ్లకన్నా మూడు నుంచి అయిదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది. అద్దాలు కాస్త దించి పెడితే చాలనుకుంటాం గానీ, 2005 నాటి స్టాన్‌ఫర్డ్ వైద్యుల పరీక్షలో దానివల్ల పెద్ద తేడా కనిపించలేదు.

కారు దిగి వెళ్లేటప్పుడు పాప సీటు మీద లేత రంగు తువ్వాలు పరిచి వెళ్లండి. తిరిగొచ్చాక తలుపులు బార్లా తెరిచి, ఏసీ వేసి, బెల్టు బకిల్‌ను చేత్తో తాకి చూడండి. చర్మం చురుక్కుమనిపించేది ముఖ్యంగా ఆ ఇనుప ముక్కే. పాప కూర్చున్నాక మాత్రం సీటు మీదుగా గుడ్డ కప్పొద్దు, గాలి ఆడదు. వెనక్కి తిరిగి ఉండే సీటుకు ముందున్న ఏసీ గాలి సరిగా అందదు. అందుకే మధ్యమధ్యలో కారు ఆపి, పాప మెడ వెనక చెమట పట్టిందేమో తడిమి చూడండి.