మింగిన ముద్ద ఎక్కడికి పోతది?

మన వాడలో ఏ ఇంట్లో అడిగినా కడుపు గురించి ఒకటే మాట వినపడతది: "గ్యాస్ అయ్యింది." ఛాతీ మండినా గ్యాసే, పొట్ట ఉబ్బినా గ్యాసే, వీపు పట్టినా గ్యాసే. కోటి విద్యలు కూటి కొరకే అంటరు గాని, ఆ కూడు లోపలికి పోయినంక ఏమైతదో మనలో చాలామందికి తెల్వదు. తెలిస్తే ఏ నొప్పికి ఓపిక పట్టాలో, ఏ నొప్పికి దవాఖానకు ఉరకాలో తెలుస్తది.

అరగడం నోట్లోనే మొదలవుతుంది. జొన్న రొట్టె ముక్కను కాసేపు నమిలి చూడండి, తియ్యగా అవుతుంది. లాలాజలం అందులోని పిండిని చక్కెరగా మారుస్తుంది కాబట్టే ఆ తీపి. భోంగా మోగుతదని నాలుగు ముద్దలు గబగబా మింగి పోయే అలవాటు మన మిల్లోళ్లది. అప్పుడు పళ్లు చేయాల్సిన పని కూడా పొట్ట మీదనే పడతది.

మింగిన ముద్ద సుమారు 25 సెంటీమీటర్ల అన్నవాహిక గుండా కొద్ది సెకన్లలో జీర్ణాశయం చేరుతుంది. ఆ గొట్టం గోడలే పిసుకుతూ ముద్దను ముందుకు తోస్తాయి. అందుకే పడుకొని మింగినా ముద్ద లోపలికే పోతది. జీర్ణాశయం కండరాల సంచి. నిండుగా తింటే లీటరు, లీటరున్నర పడుతుంది. అందులో ఊరే రసంలో హైడ్రోక్లోరిక్ ఆసిడ్ ఉంటుంది. రంగుల ఖాతాలో పని చేసినోళ్లకు ఆసిడ్ అంటే ఏందో చెప్పనక్కర లేదు. మరి అది సంచినే ఎందుకు కాల్చదు? లోపలి గోడకు జిగట పొర ఒకటి కప్పి ఉంటుంది. ఆ పొర బాగున్నంత కాలమే కడుపు క్షేమం.

అక్కడ రెండు నుంచి నాలుగు గంటలు నలిగిన తిండి, జావలాగ అయి చిన్న పేగులోకి దిగుతుంది. పేరుకే చిన్నది. పొడవు సుమారు 6 మీటర్లు, అంటే ఆడవాళ్లు కట్టే చీరంత. కాలేయం నుంచి వచ్చే పైత్యరసం నూనెను చిన్న బొట్లుగా విడగొడుతుంది. క్లోమరసం పిండిని, పప్పులోని మాంసకృత్తులను, కొవ్వును అరిగిస్తుంది. మన సోలాపూర్ టవల్ చూడండి. నున్నటి గుడ్డ కంటే పోగులు లేచిన టవలే ఎక్కువ నీళ్లు పీలుస్తది. పేగు లోపలి గోడ కూడా అట్లనే సన్నని పోగులు లేచి ఉంటుంది. తిండిలోని సారమంతా అక్కడే రక్తంలోకి పోతుంది. మిగిలింది మీటరున్నర పొడవున్న పెద్ద పేగులోకి పోయి, నీరు ఇంకి, మలమవుతుంది.

ఇప్పుడు ఆ జిగట పొర సంగతి. కడుపులో పుండు అయితే కారం వల్ల, చింత వల్ల అని డాక్టర్లు కూడా చాలా ఏండ్లు అనుకున్నరు. 1982లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే డాక్టర్లు హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవిని పెంచి చూపారు. చాలామంది నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ క్రిములను తానే తాగి, కడుపు వాపు తెచ్చుకొని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఆ క్రిమి వల్ల వచ్చిన పుండు డాక్టరు రాసిన మందుల కోర్సు పూర్తిగా వాడితే మానిపోతుంది. రెండు రోజులు మింగి మానేస్తే లాభం లేదు.

రెండో కారణం మన చేతిలోనే ఉంది. మగ్గం కాడ నిలబడి నిలబడి నడుము, మోకాళ్లు నొస్తయ్. చిట్టీ లేకుండనే మెడికల్ షాపులో నొప్పి గోలీ తెచ్చుకొని, చాయ్‌తో మింగి పనికి పోతరు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి గోలీలు ఆ జిగట పొరను పలచన చేస్తాయి. అప్పుడు ఆసిడ్ గోడను తింటది, పుండు పడతది, కొందరికి లోపలే రక్తం కారుతది. బీడీ పొగ ఆ పుండును మాననియ్యదు. గుండె కోసం డాక్టరు ఆస్పిరిన్ రాసి ఉంటే మాత్రం సొంతంగా ఆపవద్దు, ఆయననే అడగాలి.

రాత్రి పాళీలో పొట్ట నెమ్మదిగా పని చేస్తది. అందుకే నడిరాత్రి తక్కువ తినండి. తినంగనే పడుకుంటే ఆసిడ్ పైకి ఎగదన్ని ఛాతీ మండుతది. రెండు మూడు గంటలు ఆగండి.

మలం తారులాగ నల్లగా, జిగటగా వస్తే లోపల రక్తం పోతున్నట్టు అనుమానించాలి. రక్తం పెరగడానికి ఇచ్చే ఐరన్ గోలీలతో కూడా నల్లగా రావచ్చు, అయినా డాక్టరుకు చెప్పాలి. రక్తం వాంతి అయినా, ముద్ద మింగుడు పడకున్నా, ఊరికే బరువు తగ్గినా ఆలస్యం చేయొద్దు. ఛాతీ బిగబట్టి, చెమటలు పోసి, నొప్పి ఎడమ చేతికి గాని దవడకు గాని గుంజితే అది గుండె కావచ్చు. సోడా తాగి చూద్దామని కూసోవద్దు.

ఈసారి ఇంట్లో ఎవరైనా గ్యాస్ అయ్యిందంటే రెండు మాటలు అడగండి: "ఏం గోలీ మింగినవ్? మలం ఏ రంగులో వచ్చింది?" సిగ్గు పడే మాటలు కావివి.